డిచ్‌పల్లి వైద్యశాలయు ఆత్మగౌరవమును

మన కులసంఘముల వార్షిక సంచికలయందు పూర్వుల శౌర్యమును, దాతల యౌదార్యమును కీర్తించుట ఆచారము. సర్దారు సర్వాయి పాపన్నగారి పరాక్రమమును గూర్చియు, కంఠమహేశ్వరస్వామివారి యుత్సవములను గూర్చియు వ్రాయబడని సంచిక లేదు. అట్టి వ్రాతలవలన కులమునకు గౌరవము కలుగుననుట నిజమే. అయినను గౌరవమనునది యెచటనుండి పుట్టుచున్నది? అది కులమువలననే వచ్చునదైనచో, కులమే వెలివేసిన మనుష్యునకు గౌరవము మిగులునా? మిగులునేని, దాని నాతని కెవ్వరు చూపవలయును? ఈ ప్రశ్నకు మన ప్రాంతపు చరిత్రలోనే యొక సమాధానము కలదు. అది డిచ్‌పల్లి కుష్ఠ వైద్యశాల చరిత్ర. గౌడ నామధారియగు నొక దాతకును అందు భాగము కలదు గావున, దానిని ఈ మహాసభా సంచికయందు విన్నవింపదలచితిమి.

భిక్నూరు శ్రీ సిద్ధరామేశ్వరస్వామివారి యాలయమువలన ప్రసిద్ధికెక్కిన యూరు. హైదరాబాదునుండి నాగపురము పోవు రాజమార్గము ఈ యూరి మీదుగనే సాగును. ఆ దారిని కామారెడ్డి దాటి యుత్తరముగా పోవువారికి, నిజామాబాదునకు ముందుగా డిచ్‌పల్లి వచ్చును. అచటి గుట్టమీది రామాలయ శిల్పములను చూడవచ్చువారు పెక్కండ్రు. 2006లో స్థాపింపబడిన తెలంగాణ విశ్వవిద్యాలయమునకు డిచ్‌పల్లి ముఖ్యస్థానము. దాని దక్షిణ ప్రాంగణము మన భిక్నూరునందే యున్నది. కావున నేటి మన పిల్లలకు ఈ రెండూళ్లును చదువుచేత ముడిపడినవి. నూఱేండ్లకు పూర్వము డిచ్‌పల్లి పేరు వినగానే జనులకు స్ఫురించునది వేఱు. దేహమున స్పర్శ తెలియని మచ్చ కనబడి, ఇల్లు విడువవలసివచ్చినవారికి అది చేరదగిన చోటు.

కుష్ఠమను మాట సంస్కృత వైద్యగ్రంథములయందు మిక్కిలి ప్రాచీనమైనది. చరక సుశ్రుతులు పదునెనిమిది విధములగు కుష్ఠములను చెప్పిరి. నేడు మనము కుష్ఠమని వ్యవహరించు వ్యాధియే గాక, అనేక చర్మరోగములును ఆ గణనయందు చేరియున్నవి. తువరకమను చెట్టు గింజలనుండి తీసిన తైలమును సుశ్రుతుడు ఈ వ్యాధికి ఔషధముగా విధించెను. ఆ మాటను పాఠకులు గుర్తుంచుకొందురు గాక; మరల దానితో పని కలుగును. వేదకాలపు ఋషిక యగు ఘోష, చర్మవ్యాధిచేత అవివాహితయై పుట్టింటనే యుండిపోగా, అశ్వినీదేవతలు ఆమెను స్వస్థపఱచి భర్తను ప్రసాదించిరని కథ కలదు. కృష్ణుని కుమారుడగు సాంబుడు సూర్యారాధనముచేత కుష్ఠవిముక్తుడాయెనని పురాణములు చెప్పుచున్నవి. ఈ కథలలో రోగి తన వారిలో తిరిగి చేరుట గమనింపదగినది.

ధర్మశాస్త్రముల మార్గము వేఱు. కర్మవిపాక గ్రంథములు వ్యాధిని పూర్వజన్మ పాపఫలముగా లెక్కించెను. ఘోరమగు కుష్ఠము కలవానికి దాయభాగము లేదని నిబంధనకారులు చెప్పగా, ఆంగ్లేయుల న్యాయస్థానములును దానినే యనుసరించెను. బ్రిటిషు ఇండియాలో ఈ యనర్హతను తొలగించు చట్టము 1928లో గాని రాలేదు. రోగికి మందిమ్మని వైద్యుడు చెప్పెను. వాకిలి వెలుపల నిలుపుమని ధర్మశాస్త్రజ్ఞుడు చెప్పెను. లోకము రెండవవాని మాటనే వినెను.

1873లో నార్వే దేశపు వైద్యుడు హాన్సెను ఈ వ్యాధికి కారణమగు సూక్ష్మక్రిమిని కనుగొనెను. వ్యాధికి మూలము పాపము కాక క్రిమియని తెలిసినను, దానిని చంపు మందు తెలియలేదు గావున భయము తగ్గలేదు. 1898లో బ్రిటిషు ఇండియా ప్రభుత్వము చేసిన చట్టము, బిచ్చమెత్తు కుష్ఠరోగులను పట్టి ఆశ్రమములయందుంచుటకు అధికారులకు బలమొసగెను. పల్లెలయందు ఈ వెలికి చట్టముతో పనిలేకుండెను. అన్నము దూరమునుండి పెట్టుట, బావియొద్దకు రానీయకుండుట, ఇంటి యాడపిల్లలకు సంబంధములు చెడునని తలిదండ్రులే దాచుట, దాగనప్పుడు ఊరివెలుపల గుడిసె వేయుట, ఇవన్నియు నలిఖిత శాసనములు. ఈ రోగమున ముందు చర్మమునకు స్పర్శ పోవును. నిప్పు తగిలినను, ముల్లు గ్రుచ్చినను తెలియదు. పుండ్లు పడును, వేళ్లు వంకరలు పోవును. వేళ్లకంటె ముందుగా పోవునది పేరు. తల్లి పెట్టిన పేరుతో పిలుచుట మాని, లోకులు వ్యాధిపేరుతో పిలుతురు. కొంతకాలమునకు ఆ మనుష్యుడును ఇతరులు తన్ను చూచు చూపుతోనే తన్నుతాను చూచుకొనుటకు అలవాటుపడును. దేహవ్యాధికి తోడైన యీ రెండవ వ్యాధికి ఏ వైద్యగ్రంథమునందును తైలము చెప్పబడలేదు.

ఇట్టి కాలమున నిజాము రాష్ట్రమునందు వెస్లియను మెథడిస్టు క్రైస్తవ సమాజమువారు పని చేయుచుండిరి. మెదకునందు చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు నెలకొల్పిన సేవాకేంద్రము ప్రసిద్ధము. ఆయన పూనికచేత 1914లో మొదలై, 1924 డిసెంబరు 25వ తేదీని ప్రతిష్ఠింపబడిన మెదకు మహాదేవాలయమును ఎఱుగనివారు లేరు. కఱవున నలిగిన జనులకు ఆ కట్టుబడి పని కూడు పెట్టెనని నేటికిని ఆ సీమలో చెప్పుకొందురు. ఈ సమాజము తరఫుననే 1907లో జార్జి కెర్ అను బోధకుడును, ఆయన భార్య ఇసబెల్ కెర్ అను వైద్యురాలును ఈ రాష్ట్రమునకు వచ్చిరి. ఇసబెల్ 1875లో స్కాట్లండు దేశమున జన్మించి, ఆబర్డీను విశ్వవిద్యాలయమున వైద్యవిద్య నభ్యసించినది. నిజామాబాదు ప్రాంతమున ఆమె చూచిన రోగులలో కుష్ఠరోగులు పెక్కండ్రు. వారికి చోటిచ్చు వైద్యశాల యచట లేకుండెను. 1911లో ఆ దంపతులు చిన్నగా నొక యాశ్రయము నేర్పఱచిరి. వచ్చువారికి చోటు చాలక పోయినది.

అప్పుడు సాయపడిన దాత నర్సాగౌడుగారు. నిజామాబాదున ధనవంతుడును, హిందువును అగు ఈయన, అన్యమతమువారైన కెర్ దంపతుల పనికి ధనసహాయము చేసెను. తన కులమువారికి సత్రమో, తన యిష్టదైవమునకు గోపురమో కట్టించినయెడల ఆయన పేరు ఊరందఱి నోటను నిలిచియుండును. ఆయన కట్టుబడికి సాయపడినది కన్నబిడ్డలే తలుపు మూసిన మనుష్యులకొఱకు. వారిలో ఏ కులమువారెందఱని ఆయన లెక్క చూచినట్లు వినము. 1915లో డిచ్‌పల్లియందు వైద్యశాల వెలసినది. దానికి విక్టోరియా మహారాణి పేరు పెట్టబడెను. 1874లో స్థాపింపబడిన కుష్ఠరోగుల క్రైస్తవ సేవాసంస్థయు, నిజాము ప్రభుత్వమును దానికి తోడ్పడినవి. స్కాట్లండు వైద్యురాలు, తెలంగాణపు గౌడుగారు, ముసల్మాను ప్రభువు పాలనములోని రాష్ట్రము, ఈ మూడును ఒక కుష్ఠరోగి మంచము చుట్టును కలిసినవి. మన చరిత్రగ్రంథములలో యుద్ధములకున్న చోటు ఇట్టి కలయికలకు లేకపోవుట విచారకరము.

ఇక వైద్యము మాట. ఆ కాలమున కలకత్తాలో సర్ లియొనార్డ్ రోజర్సు, ఎర్నెస్టు మ్యూరు అను వైద్యులు ఒక తైలమును శుద్ధిచేసి సూదిమందుగా వాడుటను అభివృద్ధి చేసిరి. ఆ తైలము మన తెలుగువారు అడవిబాదమని పిలుచు చెట్టు గింజలనుండియు, దాని జాతివేయగు ఇతర వృక్షముల గింజలనుండియు తీయబడునది. సుశ్రుతుడు చెప్పిన తువరకము ఈ యడవిబాదమేయని పండితుల నిర్ణయము. మన గ్రంథములలోని యౌషధము, మన యడవులలోని గింజ, మన రోగికి సముద్రాంతరమునుండి వచ్చిన స్త్రీ చేతిమీదుగా నందినది. దీనికి మనము గర్వింపవచ్చును. అంతకంటె నెక్కువగా ఆలోచింపవలయును. శ్లోకము మనయొద్ద నుండెను, చెట్టును మనయొద్ద నుండెను. రోగి చేతిని పట్టుకొనువాడే కొఱవడెను. ఆ సూదిమందు సర్వరోగులను స్వస్థపఱచునది కాదు. అయినను తొలిదశలో వచ్చినవారికి గుణమిచ్చుచుండుటచేత, చచ్చువఱకు దాచియుంచు ఆశ్రమము వైద్యశాలగా మాఱినది. లోపలికి పోవు దారియే కాక వెలుపలికి వచ్చు దారియు నున్నదని తెలియుటయే రోగికి మొదటి ధైర్యము.

అయితే రోగి ఆత్మగౌరవమునకు మందొక్కటియే కారణమని చెప్పరాదు. కెర్ దంపతులను నడిపించినది వారి క్రైస్తవ విశ్వాసము. అచట చేరిన రోగులు ప్రతిదినమును వినినదియు ఆ బోధయే. మార్కు సువార్త మొదటి యధ్యాయమున ఒక కథ కలదు. కుష్ఠరోగి యొకడు యేసునొద్దకు వచ్చి, తలచుకొన్నయెడల తన్ను బాగుచేయగలవని మోకరిల్లును. యేసు కనికరించి చేయి చాపి వానిని ముట్టును. పిమ్మట రోగము విడుచును. ఇందలి క్రమము గమనింపదగినది. అట్టివానిని ముట్టినవారికి మైల యంటునని ఆ దేశపు ధర్మశాస్త్రము నమ్మించియుండెను. రోగము పోయిన తరువాత ముట్టుట ఎవ్వరైనను చేయుదురు. రోగమున్నప్పుడే ముట్టుటవలన, ఆ మనుష్యుని యోగ్యత వాని చర్మముతో పోలేదని తేలినది. దేవుడు మనుష్యుని తన పోలికగా సృజించెనని ఆ మతము చెప్పును; వేళ్లు లేని చేతియందును ఆ పోలిక చెడదని డిచ్‌పల్లిలో బోధింపబడెను. అనేక సంవత్సరములు తాను పాపఫలమనియే వినినవాని చెవికి ఈ మాట యెట్లు వినబడియుండునో మనము ఊహింపవచ్చును.

సర్వభూతములయందును ఆత్మ యొక్కటియేయని మన యుపనిషత్తులు చెప్పలేదా, పండితులు సమదర్శులని గీత చెప్పలేదా యని కొందఱడుగుదురు. చెప్పినవి. మేమును జీవితమంతయు ఆ వాక్యములనే పాఠశాలలో పిల్లలకు చెప్పియున్నాము. తాటియాకుమీది సత్యము చేతికి దిగినప్పుడే రోగికి సత్యమగును. మహాత్మాగాంధీగారు సేవాగ్రామమున, కుష్ఠరోగియగు సంస్కృత పండితుడు పర్చూరే శాస్త్రిగారికి చోటిచ్చి, స్వయముగా పరిచర్య చేసిరి. గాంధీగారు హిందువుగనే యుండి ఆ పని చేసిరి. కావున ఇది యే మతము గొప్పదను వాదము కాదు. ఏ విశ్వాసమైనను మనుష్యుని చేయిని మనుష్యుని యొద్దకు చాపించినప్పుడే దానికి విలువ.

విశ్వాసము నీవు యోగ్యుడవని చెప్పును. ఆ మాట నిజమని నమ్ముటకు తోడివారి చేయూత కావలయును. అందులకు డిచ్‌పల్లివంటి వైద్యశాలలలో పని యొక సాధనమాయెను. దేహమునకు వ్యాయామమును, మంచి యాహారమును, చేతులకు పనియు ఉండినగాని మందు పనిచేయదని మ్యూరు మొదలగు వైద్యుల మతము. కావున తోటపని, సేద్యము, కట్టుబడిపని మొదలగునవి చికిత్సలో భాగములైనవి. బిచ్చమెత్తినవానికి భిక్ష దొరకును గాని గౌరవము దొరకదు. తాను నాటిన మొక్క కాయుట చూచినవానికి, తోడిరోగి పుండునకు కట్టు కట్టినవానికి, తన చేయి యింకను పనికివచ్చుచున్నదని తెలియును. ఒకరి పాటకు మఱొకరు గొంతు కలుపుచోట, ఒకరి కష్టము మఱొకరు తెలిసికొనుచోట, వెలివేయబడిన వారే యొక సంఘమైరి. దాతల ధనమెంతయో, రోగులు పరస్పరము పలికిన ధైర్యవచనములును అంతయే యని మేము తలంచుచున్నాము.

ఇచట నొక యాక్షేపమును దాటిపోరాదు. ఆ దొరలు మతము కలుపుకొనుటకే యిదంతయు చేసిరని కొందఱందురు. వారు మతబోధకులు, తమ బోధను దాచలేదు. నిస్సహాయుడగు రోగికి మతము చెప్పుట తగునాయను ప్రశ్న న్యాయమైనదే. ఆ ప్రశ్న నడుగు నధికారము, ఆ రోగికి తామొక గుక్కెడు నీరిచ్చినవారికే ఎక్కువగా నుండును. మఱియు క్రైస్తవ సంఘమున చేరిన మాత్రముననే తెలుగుదేశమున కులభేదము సమసిపోయెనని చెప్పుట సత్యము కాదు. 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబమున జన్మించిన మహాకవి గుఱ్ఱము జాషువగారు, హిందువుల చేతను క్రైస్తవుల చేతను అవమానములు పొందిరి. 1941లో ఆయన వెలువరించిన గబ్బిలము ఆ బాధనుండి పుట్టిన కావ్యము. ఆయనకును విశ్వాసమొక్కటియే చాలలేదు. గుణము నెఱిగిన పెద్దల యాదరము తోడుకావలసివచ్చెను. బ్రాహ్మణోత్తముడును కవిసార్వభౌముడును అగు చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు ఆయన కాలికి గండపెండేరము తొడిగిరి. పండితుడు వంగి, అస్పృశ్యుడనబడినవాని పాదమును ముట్టుట, సువార్తలోని ఆ స్పర్శతో సమానమైన సంగతి.

కెర్ దంపతుల సేవకు 1923లో ప్రభుత్వమువారు కైజరె హిందు పతకము నొసగిరి. ఇసబెల్ కెర్ 1932లో స్వర్గస్థురాలయ్యెను. డిచ్‌పల్లిలో పనిచేసిన వైద్యుడు జాన్ లో, తరువాతి కాలమున ఆఫ్రికా ఖండములోని నైజీరియాలో, డాప్సోను మాత్రలు ఈ రోగమునకు పనిచేయునని నిరూపించినవారిలో ఒకడాయెను. 1947లో దక్షిణ భారత క్రైస్తవ సంఘము ఏర్పడగా, డిచ్‌పల్లి వైద్యశాల దానికి చెందినది. 1982లో ప్రపంచ ఆరోగ్యసంస్థ అనేక మందుల కూర్పును విధించినది. నేడు ప్రభుత్వ వైద్యశాలలయందు ఉచితముగా దొరకు ఆ మందులతో, రోగ తీవ్రతనుబట్టి ఆఱుమాసములలోనో, పండ్రెండు మాసములలోనో వ్యాధి నయమగును. మందు మొదలుపెట్టిన కొలదికాలముననే రోగమంటు భయము తొలగిపోవును. 2005 సంవత్సరాంతమునకు, మన దేశమున పదివేలమందిలో ఒక్కరికంటె తక్కువమందికే ఈ వ్యాధి యున్నదని తేలినది. 1898 నాటి చట్టము 2016లో రద్దయినది. కుష్ఠమును విడాకులకు కారణముగా చూపు నియమములు 2019లో తొలగింపబడినవి.

ఇన్ని జరిగినను పని ముగియలేదు. ప్రపంచమున ఏటేట కనుగొనబడు క్రొత్త రోగులలో సగమునకు పైగా నేటికిని మన దేశమువారే. చట్టము మాఱినంత సులభముగా పెండ్లిచూపుల మాటలు మాఱవు. నయమైన మేనమామను వివాహ పత్రికలో చేర్పక దాచు కుటుంబములు ఇప్పటికిని కలవు. ఈ వ్యాధిపేరును తిట్టుగా వాడు నాలుకలును కలవు. మచ్చ కనబడగానే వైద్యునొద్దకు పోవలసినవాడు, సిగ్గుచేత దాచి, చేతులు వంకరపోయిన పిమ్మట పోవుచున్నాడు. రోగము తెచ్చిన యంగవైకల్యమున సిగ్గు తెచ్చిన భాగమే యెక్కువ.

మన సంఘీయులకు ఈ మాట వేఱొక విధమున గూడ తగులును. మోకు ముస్తాదులతో తాటిచెట్టెక్కు గీతకార్మికుని బ్రతుకెట్టిదో మనకు తెలియును. కాలు జారి పడి నడుము విఱిగినవాడు మంచమునకంటుకొనగా, మొదటి నెలలో అందఱును పరామర్శింతురు. ఏడాది గడచునప్పటికి వానిని కులపంచాయతికి పిలుచువారుండరు. పెండ్లిలో పెద్దవానిగా కూర్చుండబెట్టువారుండరు. చెట్టెక్కలేనివాడు లెక్కకు రానివాడగును. కుష్ఠరోగిని ఊరు వెలివేసినట్లే, మనమును మాటయాడకయే వానిని వెలివేయుచున్నాము. ప్రభుత్వమిచ్చు పరిహారము కూడు పెట్టవచ్చును. పేరుపెట్టి పిలుచుట, సలహా యడుగుట, చేయదగిన పని నప్పగించుట మన వంతు.

కావున ఈ మహాసభకు మా విన్నపములు మూడు. వ్యాధిచేతగాని, ప్రమాదముచేతగాని పని కోల్పోయిన మన వారి పేర్లు ప్రతి గ్రామసంఘమును తన పట్టికలో తొలుతగా వ్రాయవలయును. వారికి సభలలో ఆసనమును, చేయగల పనిలో భాగమును ఈయవలయును. స్పర్శ తెలియని మచ్చ దేహమున కనబడినవారిని, భయపెట్టక, దాచక, ప్రభుత్వ వైద్యశాలకు స్వయముగా తోడ్కొనిపోవలయును. వీనిలో దేనికిని గొప్ప ధనము కావలసిన పనిలేదు. నర్సాగౌడుగారు తన ధనముతో ఇతరులకు తలుపు తెఱచిరి. కెర్ దంపతులు తమ విశ్వాసముతో తెఱచిరి. తలుపు తెఱచినవాని కులమేదని లోపలికి వచ్చినవాడు అడుగలేదు. వచ్చినవాని కులమేదని తెఱచినవాడును అడుగలేదు. కులసంఘమునకు కీర్తి తెచ్చునది ఇట్టి ఔదార్యమే యని మా నిశ్చయము.